గోడ దిగకూడని వేళ, మొర వినాల్సిన వేళ

సంఘంలో ఒక బాధ్యత మీ భుజాన పడిన రోజే మీ గురించి మాటలు మొదలవుతాయి. మీరు పాస్టరు కావచ్చు, సంఘ పెద్ద కావచ్చు, కోశాధికారి కావచ్చు, స్త్రీల సమాజం అధ్యక్షురాలు కావచ్చు, సండే స్కూలు టీచరు కావచ్చు. ప్రసంగం పొడుగైందంటారు. కానుకల లెక్క చదవలేదంటారు. ఫలానా వాళ్లింటికే ప్రార్థనకు వెళ్తారు, మా వీధికి రారంటారు. కొత్త పాటలు ఎక్కువయ్యాయని పెద్దవాళ్లు, పాత పాటలే పాడిస్తున్నారని యవ్వనస్థులు. ఈ మాటల్లో కొన్ని మీ ఎదుటే వినిపిస్తాయి, చాలామట్టుకు మీ వెనక తిరుగుతాయి.

అలాంటప్పుడు మనకు మనం చెప్పుకునే ఓదార్పు ఒకటుంది: కాచిన చెట్టుకే రాళ్ల దెబ్బలు. సామెతలో నిజముంది. అయితే దాన్ని తలచుకునే ప్రతివాళ్లూ తాము కాచిన చెట్టేనని ముందుగానే తీర్మానించుకుంటారు. అవతలివాళ్లు ఏం అడుగుతున్నారో చూడటం అక్కడితో ఆగిపోతుంది. విశ్వాసుల్లో ఈ ఓదార్పు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అడిగినవాళ్లకు సాతాను పేరు తగిలిస్తాం, మనకు కలిగిన ఇబ్బందికి హింస అని పేరు పెడతాం. ఒక చిన్న లెక్క అడిగిన కుర్రవాడు రెండు ఆదివారాలు గడిచేసరికి సేవకు విరోధి అయిపోతాడు.

విశ్వాసం ఉన్న నాయకుడు విమర్శను అందరికంటే బాగా వినగలగాలి. తన విలువ దేవుని దగ్గర తేలిపోయిందని నమ్మినవాడికి, మనుషుల దగ్గర దాన్ని పూటపూటా నిలబెట్టుకోవాల్సిన పని ఉండదు. అలాంటివాడే ఏ మాట విన్నా 'ఇందులో నిజమెంత?' అని నింపాదిగా అడగగలడు. విన్న ప్రతిసారీ మనం ఉలిక్కిపడి ఎదురుదాడికి దిగుతున్నామంటే, మన నమ్మకం దేవుని మీద కన్నా మన పేరు మీద ఎక్కువగా ఉందేమోనని పరీక్షించుకోవాలి.

మన సంఘాల్లో తరచుగా వినిపించే ఒక అడ్డుగోడ గురించి ముందే మాట్లాడుకుందాం. అభిషేకం పొందినవారి జోలికి వెళ్లకూడదన్న మాటను, నాయకుణ్ణి ఎవరూ ప్రశ్నించకూడదనే అర్థంలో వాడుతున్నారు. ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పాటించినవాడు దావీదు. ఏన్గెదీ గుహలో సౌలు రాజు తన చేతికి చిక్కినా చంపలేదు, అంగీ చెంగు మాత్రమే కోశాడు. అంత మాత్రానికే మనసులో బాధపడ్డాడు. కానీ అక్కడితో ఊరుకున్నాడా? గుహ బయటికి వచ్చి, సౌలును పిలిచి, సాష్టాంగపడి, నీకు కీడు తలపెట్టానని చెప్పేవాళ్ల మాటలు ఎందుకు వింటున్నావని అందరి ముందూ అడిగాడు. న్యాయం దేవుడే తీర్చాలన్నాడు. రాజు మీద చెయ్యి వేయలేదు, రాజు చేసిన అన్యాయాన్ని మాత్రం దాచలేదు. తర్వాత తానే రాజయ్యాక, బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు, నేను అభిషిక్తుణ్ణి కదా అని దావీదు అనలేదు. పాపం చేశానని ఒప్పుకున్నాడు. కాబట్టి దావీదు జీవితం నుంచి ఆ మాట తీసుకునేవాళ్లు ఈ సగాన్ని కూడా తీసుకోవాలి.

ఇక నెహెమ్యా దగ్గరికి వద్దాం. విమర్శ గురించి నేర్చుకోవడానికి బైబిల్లో ఇంత వివరమైన పాఠం మరొకటి లేదని నా అభిప్రాయం.

అతను పారసీక రాజు అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించే ఉద్యోగి, షూషను కోటలో ఉంటున్నాడు. యెరూషలేము గోడ కూలి, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయన్న వార్త అతనికి చేరింది. కిస్లేవు నెల నుంచి నీసాను నెల వరకు, అంటే సుమారు 4 నెలలు, ఉపవాసముండి ప్రార్థించాడు. తర్వాత రాజు అనుమతి తీసుకుని బయల్దేరాడు. చరిత్రకారులు దీన్ని క్రీ.పూ. 445 నాటి సంగతిగా లెక్కిస్తారు. యెరూషలేము చేరాక మూడు రోజులు ఆగి, రాత్రిపూట కొద్దిమందితో గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఏం చేయబోతున్నాడో అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఈ వివరం ముఖ్యం. తర్వాత ఎవరెన్ని అన్నా అతను తొణకకపోవడానికి కారణం ఈ ముందరి నెలల్లో ఉంది. తాను ఎవరి పని మీద వచ్చాడో విమర్శలు మొదలవకముందే తేల్చుకున్నాడు.

మొదట ఎగతాళి వచ్చింది. హోరోనీయుడైన సన్బల్లటు, అమ్మోనీయుడైన టోబీయా, అరబీయుడైన గెషెము నవ్వారు, రాజు మీద తిరుగుబాటు చేస్తారా అన్నారు. పని మొదలయ్యాక సన్బల్లటు షోమ్రోను సైన్యం వినేలా, ఈ బలహీనులు కాలిన రాళ్లను చెత్తకుప్పల్లోంచి ఏరి గోడ కడతారా అని వెక్కిరించాడు. నక్క ఎక్కినా ఆ గోడ కూలుతుందన్నాడు టోబీయా. నెహెమ్యా వాళ్లకు ఈసారి బదులు చెప్పలేదు. దేవునికి చెప్పుకున్నాడు. ఆ ప్రార్థన మెత్తగా లేదు, వాళ్ల నింద వాళ్ల తల మీదికే తిప్పమని అడిగాడు. కొందరికి ఆ ప్రార్థన చదవడం ఇబ్బందిగా ఉంటుంది. నాకు మాత్రం అందులో ఎంతో ఊరట కనిపిస్తుంది. కోపం ఉన్నదున్నట్టు దేవుని ముందు కుమ్మరించాడు కాబట్టి, మనుషుల ముందు కుమ్మరించాల్సిన అవసరం రాలేదు. ప్రార్థన అయిన వెంటనే వచ్చే మాట, గోడ సగం ఎత్తు లేచిందని.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. సన్బల్లటు ఎగతాళిలో వాస్తవం లేకపోలేదు. చెత్తకుప్పలు నిజంగానే ఉన్నాయి. కొద్దిరోజులకే యూదా మనుషులు కూడా, మోసేవాళ్ల బలం తగ్గింది, చెత్త ఎక్కువగా ఉంది, ఇక కట్టలేమన్నారు. అదే చెత్త గురించి శత్రువు నవ్వుతూ అన్నాడు, సొంత మనిషి అలసి అన్నాడు. శత్రువుకు జవాబు ఇవ్వని నెహెమ్యా అలసినవాడి మాట పట్టించుకున్నాడు. కుటుంబాల వారీగా మనుషుల్ని కత్తులు, ఈటెలు, విండ్లతో కాపలా నిలిపాడు. సగం మంది పని చేస్తే సగం మంది ఆయుధాలు పట్టుకున్నారు. బూర ఊదేవాణ్ణి తన పక్కనే ఉంచుకుని, బూర వినపడ్డ చోటికి అందరూ రావాలన్నాడు. మీ మీద వచ్చిన మాట ఎంత విషం పూసుకుని వచ్చినా, అందులోని వాస్తవం మీ పనివాళ్ల బాధ కూడా కావచ్చు. మాట అన్నవాణ్ణి పక్కన పెట్టి, ఆ వాస్తవాన్ని మాత్రం పట్టుకోండి.

నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయంలో అసలు పరీక్ష వస్తుంది. అది బయటి నుంచి రాలేదు. జనమూ వాళ్ల భార్యలూ తమ సొంత యూదుల మీద పెద్దగా మొరపెట్టారు. మాకు పిల్లలు ఎక్కువ, తిండిగింజలు కావాలన్నారు కొందరు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామన్నారు ఇంకొందరు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశాం, పిల్లల్ని దాసత్వానికి ఇవ్వాల్సివచ్చింది, మా కూతుళ్లలో కొందరు ఇప్పటికే దాసీలయ్యారు, విడిపించుకునే శక్తి మాకు లేదన్నారు మరికొందరు.

ఈ మొర ఎలాంటి సమయంలో వచ్చిందో చూడండి. గోడ సగమే లేచింది. చుట్టూ శత్రువులు కాచుకుని ఉన్నారు. ఇప్పుడు ఐక్యత కావాలి, లోపలి గొడవలు బయటికి తెలిస్తే సన్బల్లటు నవ్వుతాడు, ముందు గోడ ముగిద్దాం, తర్వాత చూద్దాం అనడానికి నాయకుడికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. మన మధ్య ఎన్ని మొరలు ఈ సాకు కింద నలిగిపోలేదు? మందిరం కట్టడం పూర్తికానీ, సువార్త సభలు అయిపోనీ, ఎన్నికలు గడవనీ అంటూ వాయిదా వేసిన ఫిర్యాదులు ఎన్ని లేవు? నెహెమ్యా ఆ సాకు వాడుకోలేదు. వాళ్ల మొర విని అతనికి చాలా కోపం వచ్చింది. మొరపెట్టినవాళ్ల మీద కాదు, జరిగిన అన్యాయం మీద. ఆ కోపంతో వెంటనే వీధికెక్కలేదు కూడా. తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తర్వాతే ప్రధానుల్ని, అధికారుల్ని నిలదీసి మహాసభ పిలిచాడు.

అన్యజనులకు అమ్ముడైన మన సహోదరుల్ని మనం డబ్బిచ్చి విడిపిస్తుంటే, మీరు వాళ్లను మళ్లీ అమ్ముతున్నారా అని అడిగాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత అతను అన్న మాట నన్ను ఎప్పుడు చదివినా ఆపేస్తుంది. నేనూ, నా బంధువులూ, నా పనివాళ్లూ కూడా వాళ్లకు డబ్బు, ధాన్యం అప్పిస్తున్నాం, ఈ వడ్డీ తీసుకోవడం మానేద్దాం అన్నాడు. అప్పిచ్చినవాళ్ల వరసలో తన పేరు, తన ఇంటివాళ్ల పేరు తానే చేర్చాడు. మీరు మానేయండి అనకుండా మానేద్దాం అన్నాడు. పొలాలు, తోటలు, ఇళ్లు ఆరోజే తిరిగి ఇమ్మన్నాడు. డబ్బు, ధాన్యం, ద్రాక్షారసం, నూనెల మీద తీసుకుంటున్న నూరో వంతు కూడా ఇచ్చెయ్యమన్నాడు. ఆ నూరో వంతు నెల వడ్డీ అని పలువురు వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మన ఊళ్లలో నూటికి రూపాయి వడ్డీ అంటామే, అదే. మన లెక్కలో అది ధర్మవడ్డీ కిందికి వస్తుంది. కరువులో ఉన్న తన మనుషుల దగ్గర ఆ మాత్రం కూడా తీసుకోకూడదన్నాడు నెహెమ్యా. ఒప్పుకున్నవాళ్లను ఊరికే వదల్లేదు, యాజకుల్ని పిలిపించి ప్రమాణం చేయించాడు.

మార్పు అతని సొంత భోజనబల్ల దాకా వెళ్లింది. అతనికి ముందున్న అధిపతులు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసమే కాక 40 తులాల వెండి తీసుకునేవాళ్లు. నెహెమ్యా 12 సంవత్సరాలు అధిపతి భత్యం తీసుకోలేదు. అతని బల్ల దగ్గర 150 మంది యూదులు, అధికారులు తినేవాళ్లు, పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లు సరేసరి. రోజుకు ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్లు కావాలి. అంత ఖర్చున్నా భత్యం అడగలేదు, జనం మీద భారం అప్పటికే ఎక్కువగా ఉందని. విమర్శ విన్న నాయకుడు ఎదిగాడా లేదా అన్నది ఇలాంటి చోట తెలుస్తుంది. సంఘంలో పేదల కానుక గురించి ఫిర్యాదు వస్తే, పాస్టరు గారి ప్రయాణ ఖర్చుల పద్దు కూడా బల్ల మీదికి రావాలి.

ఇక ఆరో అధ్యాయం. గోడలో బీటలన్నీ పూడాయి, తలుపులు ఇంకా నిలబెట్టలేదు. ఓనో మైదానంలో కలుసుకుందాం రమ్మని కబురొచ్చింది. నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ఒకే జవాబు: పెద్ద పనిలో ఉన్నాను, దిగి రాలేను. అయిదోసారి సన్బల్లటు మనిషి విప్పి ఉన్న ఉత్తరం పట్టుకొచ్చాడు. ముద్ర వేయని ఉత్తరమంటే దారిలో అందరూ చదవడానికే. నువ్వు రాజువి కావాలనుకుంటున్నావు, అందుకే గోడ కడుతున్నావని అందులో రాశాడు. ఇవాళ ఒక ఆరోపణను మీకు పంపకుండా నేరుగా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం లాంటిది. నెహెమ్యా పొడుగాటి వివరణ రాయలేదు. నువ్వు చెప్పినవేవీ జరగలేదు, నీ మనసులోంచి కల్పించావని ఒక్క ముక్కలో తేల్చాడు, తన చేతులు బలపరచమని దేవుణ్ణి అడిగాడు.

చివరగా వచ్చింది మేలు కోరినట్టున్న మాట. షెమయా అనే అతను, నిన్ను చంపడానికి వస్తున్నారు, మందిరం లోపలికి పోయి తలుపులు వేసుకుందాం అన్నాడు. ప్రవచనం రూపంలో చెప్పాడు. తనలాంటివాడు పారిపోవాలా, ప్రాణం కోసం మందిరంలోకి వెళ్లాలా అని నెహెమ్యా ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని ఆ మాట చెప్పాడని తర్వాత తెలిసింది. దేవుని పేరు మీద వచ్చే మాటల్ని కూడా పరిశీలించాలి. ఒక సలహా మిమ్మల్ని భయంతో పని మానేయించేలా ఉంటే, అది ఎంత భక్తిగా వినిపించినా ఆగి చూడండి. ఇంత జరిగినా ఏలూలు నెల 25న, 52 రోజుల్లో గోడ ముగిసింది.

ఓనో మైదానానికి పిలుపు, తల్లుల మొర, ఈ రెండూ తొందరలో ఉన్న నాయకుడికి ఒకేలా వినిపిస్తాయి. రెండూ పనికి అడ్డమే. మనం చేసే పొరపాటు ఇక్కడే ఉంటుంది. సన్బల్లటు ఉత్తరానికి రాత్రంతా కూర్చుని జవాబు రాస్తాం. తిండిగింజలడిగిన తల్లికి వచ్చేవారం రమ్మంటాం. నెహెమ్యా మొదటిదానికి గోడ దిగలేదు, రెండోదానికి మహాసభ పిలిచాడు. తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఈ మాట అన్నవాళ్లకు పని ఆగడం కావాలా, పని న్యాయంగా జరగడం కావాలా? మాట కరుకుగా ఉందా మర్యాదగా ఉందా అన్నది కొలత కాదు. ఓనోకు పిలిచినవాళ్లు మర్యాదగానే పిలిచారు. మొరపెట్టినవాళ్లే గట్టిగా అరిచారు.

ఫిర్యాదు సంఘాన్ని పెంచిన సందర్భం అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఉంది. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అందులో భాషా భేదం కూడా ఉంది, ఎవరినైనా గాయపరిచే ఆరోపణ అది. పన్నెండుమంది అపొస్తలులు, మేమంతా నిజాయితీపరులం అని సమర్థించుకోలేదు. ఆ పనికి ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే అప్పగించారు. ఎన్నికైనవాళ్ల పేర్లన్నీ గ్రీకు పేర్లే కావడం గమనించండి. ఎవరికి అన్యాయం జరిగిందన్నారో వాళ్ల వైపువాళ్లకే పంపకం చేతికి వచ్చిందని చాలామంది పండితులు అంటారు. స్తెఫను, ఫిలిప్పు వెలుగులోకి వచ్చింది ఆ సణుగుడు వల్లే. మోషేకు అలాంటి మేలు చేసినవాడు అతని మామ యిత్రో. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే చూసి, నువ్వు చేస్తున్నది మంచిది కాదని ముఖం మీదే అన్నాడు. మోషే విని అధికారుల్ని నియమించాడు.

మన నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. డోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్లాలన్‌విళైలో పుట్టిన తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు, అంటే నేటి మహబూబాబాద్ జిల్లాకు, సేవకుడిగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, 35 ఏళ్ల వయసులో, విమర్శకుడిగా నిలబడ్డాడు. విదేశీ మిషనరీలు మన దేశానికి త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, భారతీయ సహోద్యోగులతో స్నేహంగా మెలగడం లేదని వాళ్ల ఎదుటే చెప్పాడు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. భారతీయుడికి ఆ పదవి తొందరపాటన్నవాళ్లు విదేశీయుల్లో ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. 1930లలో సామూహిక మత మార్పిడుల విషయంలో గాంధీజీ ఆయనతో తీవ్రంగా విభేదించారు. ఇన్ని వైపుల నుంచి మాటలు పడుతూ ఆయన 1945 జనవరి 1న కన్నుమూసే దాకా డోర్నకల్ బిషప్పుగానే ఉన్నాడు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌లో హిందూ, ముస్లిం, క్రైస్తవ కట్టడాల పోకడలు కలిసి కనిపిస్తాయి. ఎడిన్‌బరోలో తాను అడిగిన స్నేహం సాధ్యమేనని చూపించడానికి ఆయన ఆ 32 ఏళ్లూ ఖర్చుచేశాడని నేను అర్థం చేసుకున్నాను. విమర్శించే హక్కు ఎవరిదని అడిగేవాళ్లకు నేను అజరయ్యనే చూపిస్తాను. ఆ పని కోసమే బతికినవాడిది.

ఇక మీ మీదికి మాట వచ్చిన రోజున ఏం చేయాలి?

ఆ రాత్రి జవాబు ఇవ్వకండి. ఫోను పక్కన పెట్టండి. మీకు కలిగిన బాధను దేవునికి చెప్పండి, శుద్ధమైన భాషలో చెప్పాలని ప్రయాసపడకండి. 139వ కీర్తన చివర్లో దావీదు తన హృదయాన్ని పరిశోధించమని అడుగుతాడు. దానికి కాస్త ముందే శత్రువుల మీద మండిపడతాడు. ఆ వరస మనకు పనికొస్తుంది. ముందు మంట చల్లారాలి, అప్పుడే పరిశోధించమని నిజంగా అడగగలం. ఈ రెండో భాగం దాకా వెళ్లకుండా ప్రార్థన ముగించకండి.

మర్నాడు ఒక కాగితం తీసుకుని వాళ్లు అన్నది వాళ్ల మాటల్లోనే రాయండి. తర్వాత తిట్లు, ఎత్తిపొడుపులు కొట్టేయండి. మిగిలింది చూడండి. 'అయ్యగారు డబ్బు మనిషి, లెక్కాపత్రం లేదు' అన్నమాటలో మొదటి సగం నింద, రెండో సగం సమాచారం. కిందటి ఏడాది క్రిస్మస్ కానుకల లెక్క మీరు చదివారా లేదా? చదవకపోతే, ఆ మాట అన్నవాడి స్వభావం ఎలాంటిదైనా, అతను చెప్పింది నిజం. ఆకాశరామన్న ఉత్తరం వచ్చినా ఇదే పద్ధతి. పేరు రాయలేదని చింపేయకండి. మీ సంఘంలో ఒకరికి పేరు రాయడానికి భయం ఎందుకు వేసిందన్నది కూడా ఆ ఉత్తరం చెబుతున్న సంగతే.

తర్వాత ఎవరినైనా అడగండి. అయితే మీ చుట్టూ కూర్చుని 'అవునయ్యగారూ' అనేవాళ్లను అడగొద్దు. మీ దయతో పని లేని మనిషిని వెతకండి. మీ జీవిత భాగస్వామి నిజం చెప్పే స్వభావం ఉన్నవారైతే అది దేవుడిచ్చిన సహాయం, విని చిరాకుపడకండి.

పల్పిట్ మీద నుంచి మాత్రం జవాబు చెప్పకండి. ఎవరి పేరూ ఎత్తకుండా, అందరికీ అర్థమయ్యేలా, మోషే మీద తిరగబడిన కోరహు కథ తీసుకుని శుక్రవారం మిమ్మల్ని ప్రశ్నించిన మనిషికి ఆదివారం గురిపెట్టడం వాక్యానికి చేసే ద్రోహం. ఆ మనిషి లేచి బదులు చెప్పలేడు. ఇంటికెళ్లి మాట్లాడండి. 'అమ్మా, మీరన్నది విన్నాను. జనవరి నుంచి లెక్క చదవలేదన్నది నిజం. వచ్చే నెల మొదటి ఆదివారం చదువుతాను, పుస్తకం మీరు కూడా చూడొచ్చు' అంటే చాలు. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి అనే మాట క్షమాపణ కిందికి రాదు, అందులో తప్పు నొచ్చుకున్నవాళ్ల మీదికి వెళ్తుంది. ఏం చేశారో ఆ పని పేరు చెప్పి క్షమాపణ అడగండి. అబద్ధమైతే నెహెమ్యాలా ఒక్క మాటలో కాదని చెప్పి పనిలోకి వెళ్లండి, మళ్లీ మళ్లీ వివరించకండి.

ఒక హద్దు గట్టిగా చెప్పాలి. ఆరోపణ సంఘం డబ్బు కాజేశారని గానీ, స్త్రీల పట్ల ప్రవర్తన గురించి గానీ, పిల్లల భద్రత గురించి గానీ అయితే, ఓర్పు గురించి ఇక్కడ చెప్పినదేదీ నాయకుడు తనకు కవచంగా వాడుకోకూడదు. పదవి నుంచి పక్కకు తప్పుకుని బయటివాళ్లను విచారించనివ్వాలి. తన కేసు తాను విచారించుకునే నాయకుణ్ణి ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంఘం పరువు పేరుతో పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసే విషయం కాదది.

కొన్ని మాటలు ఏమీ నేర్పవు, గాయం మాత్రమే చేస్తాయి. కొడుకు అబ్షాలోముకు భయపడి దావీదు యెరూషలేము విడిచి పోతుంటే షిమీ అనే అతను రాళ్లు రువ్వుతూ శపించాడు. దావీదు పక్కనున్న అబీషై అతని తల నరికేస్తానన్నాడు. దావీదు వద్దన్నాడు, తన బాధ దేవుడు చూస్తాడేమోనన్నాడు. ఆ రోజు షిమీకి సమాధానం దొరకలేదు, దావీదుకు వెంటనే ఓదార్పు కూడా దొరకలేదు. అలసిపోయి నడిచాడు, చేరినచోట అతనూ అతనితో ఉన్నవాళ్లూ సేదదీరారు. అలాంటి రోజులు మీకూ వస్తాయి. అప్పుడు మీ పక్కన ఉన్న అబీషైలను అదుపులో పెట్టండి. మీ తరఫున గొడవకు దిగే అభిమానులు మీ విమర్శకుల కన్నా ఎక్కువ నష్టం చేస్తారు. నిద్రపోండి, అన్నం తినండి, నమ్మకమైన ఒక స్నేహితుడికి చెప్పుకోండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, మీ సంఘంలో అంతగా మాట్లాడని ఒకరిని పలకరించండి. వెనక వరసలో కూర్చునే ఒక అవ్వ కావచ్చు, కూలి పని నుంచి నేరుగా వచ్చే ఒక తమ్ముడు కావచ్చు. 'మన సంఘంలో నేను సరిగా చేయనిది ఏమన్నా ఉంటే చెప్పండి' అని అడగండి. మొదటిసారి ఏమీ లేదంటారు. నెల తర్వాత మళ్లీ అడగండి. చెప్పడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లు ముగించేదాకా మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకండి.